మందు అనే మాటకు రెండర్థాలు: పాత పోర్ట్ వైన్ కథ



వైద్య విద్యార్థులు చదివే పుస్తకాలలో ‘పోర్ట్ వైన్’ అనే మాట రెండుచోట్ల ఎదురవుతుంది. పుట్టుకతోనే కొందరు శిశువుల ముఖంపై కనిపించే ఎరుపు, ఊదా కలిసిన మచ్చను ‘పోర్ట్ వైన్ స్టెయిన్’ అంటారు. పోర్ఫిరియా అనే అరుదైన వ్యాధిలో మూత్రం పోర్ట్ వైన్ రంగుకు మారుతుందని వర్ణిస్తారు. ఆ పానీయాన్ని ఏనాడూ కంటితో చూడని మా తరం విద్యార్థులు కూడా ఆ రంగును కంఠస్థం చేసి పరీక్షలు రాశాము. రోగలక్షణాలకు పేర్లు పెట్టిన ఐరోపా వైద్యులకు ఆ సీసా ఎంత దగ్గరి నేస్తమో ఈ పేర్లే చెబుతున్నాయి.

మన తెలుగులో ‘మందు’ అనే మాటకు రెండర్థాలు ఉన్నాయి. రోగం తగ్గించేదీ మందే, మత్తు కలిగించేదీ మందే. సందర్భాన్ని బట్టి మనం అర్థం చేసుకుంటాము. అయితే ఈ రెండర్థాల మధ్య గీత చెరిగిపోయినప్పుడు ఏమి జరుగుతుందో తెలుసుకొనుటకు పోర్ట్ వైన్ చరిత్రకు మించిన పాఠం లేదు. పాత పోర్ట్ సీసాలను మిత్రులతో కూర్చొని రుచి చూచే సంప్రదాయం ఎలా పుట్టింది, వైద్యులు దానిని మందుగా ఎలా రాసిచ్చారు, చివరకు విజ్ఞానశాస్త్రం ఏమి తేల్చింది అనే విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తాను.

యుద్ధం పెంచిన పానీయం

పోర్చుగల్ ఉత్తర భాగంలో డౌరో నది ప్రవహిస్తుంది. ఆ నదికి ఇరువైపులా నిటారుగా లేచే కొండలు, పలకలు పలకలుగా విడిపోయే రాతినేల. ఆ కొండలను మెట్లు మెట్లుగా చెక్కి ద్రాక్ష సాగు చేస్తారు. పూర్వం అక్కడ తయారైన వైన్‌ను పీపాలలో నింపి, అడుగు చదునుగా ఉండే పడవలలో నది వెంట సముద్రతీరానికి తెచ్చేవారు. నది సముద్రంలో కలిసేచోట ఒక ఒడ్డున పోర్టో నగరం, ఎదుటి ఒడ్డున విలా నోవా ద గాయా పట్టణం ఉన్నాయి. పోర్టో పేరే పోర్ట్ వైన్‌కు వచ్చింది. మనం వాడే ‘పీపా’ అనే మాట కూడా పోర్చుగీసు భాష నుండి వచ్చినదే. అక్కడ ‘పీపా’ అనేది నేటికీ వైన్ కొలత. డౌరోలో ఒక పీపా అంటే సుమారు 550 లీటర్లు.

ఇంగ్లండు ధనికులు మొదట ఫ్రాన్సు వైన్‌నే ఇష్టపడేవారు. 17వ శతాబ్దం చివరలో ఆ రెండు దేశాల మధ్య యుద్ధాలు ముదిరి, ఫ్రెంచి సరుకుపై నిషేధాలు, భారీ సుంకాలు వచ్చాయి. వ్యాపారులు పోర్చుగల్ వైపు తిరిగారు. 1703 డిసెంబరులో కుదిరిన మెథ్యూయెన్ ఒప్పందం ప్రకారం పోర్చుగీసు వైన్‌పై ఇంగ్లండు విధించే సుంకం ఫ్రెంచి వైన్‌పై విధించే దానికంటే మూడోవంతు తక్కువ. ప్రతిగా ఇంగ్లండు ఉన్ని బట్టలకు పోర్చుగల్ తలుపులు తెరిచింది. ఒక దేశ ప్రజల అభిరుచి సుంకాల పట్టికను అనుసరించి మారిందనుటకు ఇది మంచి ఉదాహరణ.

సముద్రయానంలో వైన్ చెడిపోకుండా వ్యాపారులు దానికి కొంత ద్రాక్ష సారాయి కలిపేవారు. క్రమంగా ఈ పద్ధతి మారింది. ద్రాక్షరసం పులుస్తుండగానే, అందులోని చక్కెర సుమారు సగం మిగిలి ఉన్న దశలోనే సారాయి కలపడం మొదలైంది. అప్పుడు ఈస్ట్ కణాలు చనిపోతాయి, పులియడం ఆగిపోతుంది, చక్కెర మిగిలిపోతుంది. 19వ శతాబ్దం మధ్యనాటికి ఈ పద్ధతి స్థిరపడింది. నేటి పోర్ట్ వైన్‌లో ఆల్కహాల్ సుమారు 20 శాతం. మామూలు వైన్‌లో ఇది 12 నుండి 14 శాతం ఉంటుంది. పోర్ట్ తీపికీ, ఘాటుకూ కారణం ఇదే.

కల్తీ, కట్టడి

గిరాకీ ఉన్నచోట కల్తీ ఉంటుంది. రంగు ముదురుగా కనబడుటకు ఎల్డర్ అనే చెట్టు పండ్ల రసాన్ని, తీపి కోసం చక్కెరను కలిపేవారు. పేరు చెడి ధరలు పడిపోయాయి. అప్పటి పోర్చుగల్ ప్రధాని, తరువాత మార్క్విస్ ఆఫ్ పొంబాల్‌గా ప్రసిద్ధుడైన నాయకుడు, 1756లో ఒక రాజ కంపెనీని స్థాపించి, ఏ పొలాల ద్రాక్షతో ఎగుమతి వైన్ చేయవచ్చునో హద్దులు గీయించాడు. ఆ హద్దులపై పాతించిన గ్రానైట్ రాళ్లు కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. ఎల్డర్ చెట్లను పెరికివేయించాడు. కంపెనీ గుత్తాధిపత్యంపై 1757లో పోర్టో ప్రజలు తిరగబడితే, ఆ తిరుగుబాటును క్రూరంగా అణచి పలువురిని ఉరితీయించాడు. నేడు ఆహార పదార్థాల పేర్లకు లభిస్తున్న భౌగోళిక రక్షణకు ఇది తొలి నమూనాలలో ఒకటి. మన బందరు లడ్డుకు వచ్చిన గుర్తింపు వెనుక ఉన్న ఆలోచన కూడా ఇటువంటిదే.

నేడు పోర్ట్ నాణ్యతను 1933లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ నుండి రూపొందిన ‘డౌరో, పోర్టో వైన్ల సంస్థ’ పరిరక్షిస్తున్నది. ప్రయోగశాల పరీక్షతోపాటు రుచి నిపుణుల మండలి ఆమోదించిన తరువాతనే సీసాపై ముద్ర పడుతుంది.

సీసాలో కాలం చేసే పని

18వ శతాబ్దం ఆరంభంలో వైన్ సీసాలు పొట్టిగా, ఉబ్బుగా ఉండేవి. నిలబెట్టక తప్పదు. బిరడా ఎండి, గాలి లోపలికి పోయి, వైన్ పాడయ్యేది. ఆ శతాబ్దం గడిచేకొద్దీ సీసా సన్నబడి స్తంభాకారం దాల్చింది. పక్కకు పడుకోబెట్టే వీలు కలిగింది. బిరడా ఎప్పుడూ తడిగా ఉండి మూత బిగువుగా నిలిచింది. ఈ చిన్న మార్పు లేకపోతే ‘వింటేజ్ పోర్ట్’ అనేదే ఉండేది కాదు.

వింటేజ్ అంటే ఒకే సంవత్సరపు పంట నుండి తీసినది. అన్ని ఏళ్లకూ ఆ గౌరవం దక్కదు. పంట అసాధారణంగా ఉన్న ఏడాదినే తయారీ సంస్థలు వింటేజ్‌గా ప్రకటిస్తాయి. సాధారణంగా పదేళ్లలో మూడుసార్లు అటువంటి అవకాశం వస్తుంది. 1927, 1945, 1963, 1977, 1994, 2011 సంవత్సరాలను పోర్ట్ ప్రియులు మన పెద్దలు మంచి వానలు పడిన ఏళ్లను తలచుకొన్నట్లు తలచుకొంటారు. ఇటువంటి వైన్‌ను రెండు, మూడేళ్లు మాత్రమే పీపాలో ఉంచి, వడపోయకుండా సీసాలో నింపి, చీకటి నేలమాళిగలో దశాబ్దాలు వదిలేస్తారు. ‘టానీ’ అనే మరొక రకాన్ని మాత్రం పీపాలోనే ఏళ్ల తరబడి ముదరనిస్తారు.

సీసాలో ఏమి జరుగుతుంది? ద్రాక్ష తొక్క నుండి వచ్చిన రంగు పదార్థాలు, వగరు కలిగించే టానిన్లు ఒకదానితో ఒకటి కలిసి పెద్ద అణువులై, బరువెక్కి, అడుగున మడ్డిగా పేరుకొంటాయి. అందుచేత ముదురు ఊదా రంగు మెల్లగా కెంపు రంగుకు, ఆపై ఇటుక రంగుకు మారుతుంది. నాలుకను పట్టే వగరు తగ్గుతుంది. తాజా పండ్ల వాసన పోయి ఎండు అత్తి, ఎండు ద్రాక్ష, పొగాకు, అక్రోటు వంటి వాసనలు పుడతాయి. ఊరగాయ మాగినకొద్దీ కారపు ఘాటు తగ్గి రుచులు కలిసిపోవుట మనకు తెలిసినదే. అటువంటి మార్పే ఇక్కడ దశాబ్దాల పాటు జరుగుతుంది.

అయితే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. రంగు మారుతుంది, వాసన మారుతుంది, వగరు మారుతుంది. ఆల్కహాల్ మాత్రం ఎక్కడికీ పోదు. బిరడా బిగువుగా ఉన్నంతకాలం 1963 నాటి సీసాలోనైనా ఆల్కహాల్ దాదాపు మొదటి రోజున ఉన్నంతే ఉంటుంది.

రసజ్ఞుల కూటమి

పోర్టో నగరంలో ‘ఫ్యాక్టరీ హౌస్’ అనే పెద్ద రాతి భవనం ఉంది. ఇక్కడ ఫ్యాక్టరీ అంటే కర్మాగారం కాదు, పరదేశీ వర్తక ప్రతినిధుల స్థావరం. 1611లో ఆంగ్లేయులు మన మచిలీపట్నంలో నెలకొల్పిన ‘ఫ్యాక్టరీ’ కూడా ఈ అర్థంలోనిదే. పోర్టోలోని భవనాన్ని 18వ శతాబ్దం చివరలో, ఆంగ్ల కాన్సల్ జాన్ వైట్‌హెడ్ పర్యవేక్షణలో కట్టారు. అందులో పక్కపక్కనే ఒకే తీరున రెండు భోజనశాలలు ఉన్నాయి. మొదటి దానిలో భోజనం ముగించి, అతిథులు లేచి రెండవ దానిలో అదే వరుసలో కూర్చుంటారు. వంటకాల వాసన పోర్ట్ పరిమళానికి అడ్డురాకూడదని ఈ ఏర్పాటు. అక్కడ బుధవారపు విందులో ఆ రోజు పోసిన పాత పోర్ట్ ఏ సంవత్సరానిదో, ఏ సంస్థదో ఊహించి చెప్పే ఆనవాయితీ ఉంది.

పాత సీసాను తెరవడం ఒక చిన్న శస్త్రచికిత్స వంటిది. ముందురోజే సీసాను నిలబెట్టి మడ్డిని అడుగుకు దిగనిస్తారు. యాభై ఏళ్ల బిరడా పొడిపొడిగా రాలిపోతుంది. అందుకని ఎర్రగా కాల్చిన పటకారును సీసా మెడకు పట్టించి, వెంటనే చల్లని తడిగుడ్డ తాకిస్తారు. గాజు నున్నగా పగిలి మెడ ఊడి వస్తుంది. తరువాత మెడ కింద దీపం ఉంచి, మడ్డి కనబడే దాకా వైన్‌ను మరొక పాత్రలోకి మెల్లగా వంచుతారు. బల్ల చుట్టూ ఆ పాత్ర ఎప్పుడూ ఎడమ చేతి వైపుకే సాగాలన్నది ఆంగ్లేయుల మర్యాద.

రుచి చూచుటలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకే ఏడాదికి చెందిన వేర్వేరు సంస్థల వైన్లను వరుసగా చూడడం ఒకటి. ఒకే సంస్థ వేర్వేరు సంవత్సరాలలో చేసిన వాటిని చూడడం రెండవది. మొదటి పద్ధతి తయారీదారుల చేతివాటాన్ని తెలియజేస్తుంది. రెండవది కాలం చేసిన పనిని చూపిస్తుంది. ముందు రంగు చూస్తారు, తరువాత వాసన, చివరకే ఒక చిన్న గుక్క. దీనికి శరీరధర్మ శాస్త్రంలో ఆధారం ఉంది. నాలుక గుర్తించగలిగేది తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొద్ది రుచులనే. మనం ‘రుచి’ అని పిలిచే దానిలో అధిక భాగం నోటి వెనుక నుండి ముక్కులోకి చేరే వాసనే. జలుబు చేసినప్పుడు పులుసు చప్పగా అనిపించుటకు కారణం కూడా ఇదే. రుచి చూచుటకు మింగనక్కరలేదు. వృత్తి నిపుణులు ప్రతి గుక్కనూ ఉమ్మివేస్తారు.

ఔత్సాహికులు మాత్రం అరుదైన వైన్‌ను ఉమ్మివేయుటకు మనసొప్పక మింగుతారు. ఒక లెక్క చూద్దాము. 750 మిల్లీలీటర్ల సీసాలో 20 శాతం అంటే 150 మిల్లీలీటర్ల ఆల్కహాల్, అనగా సుమారు 118 గ్రాములు. పన్నెండుమంది మిత్రులు ఎనిమిది సీసాలు తెరిచి సమంగా పంచుకొంటే ఒక్కొక్కరికి వచ్చేది ఒక్కో రకంలో 62.5 మిల్లీలీటర్లు మాత్రమే. చూడ్డానికి చాలా తక్కువ. కాని ఎనిమిదీ కలిపి మింగితే ఒక సాయంత్రంలో ఒక్కొక్కరి ఒంట్లోకి సుమారు 79 గ్రాముల ఆల్కహాల్ చేరుతుంది. అనేక దేశాలు ఒక ప్రామాణిక పానీయాన్ని 10 గ్రాములుగా లెక్కిస్తాయి. ఆ లెక్కన ఇది దాదాపు ఎనిమిది పానీయాలు. ఎంత మర్యాదగా, ఎంత సంస్కారవంతమైన మాటల నడుమ తాగినా కాలేయానికి ఆ తేడా తెలియదు.

వైద్యుడు రాసిచ్చిన సీసా

ఇప్పుడు మా వృత్తి సంగతికి వస్తాను. 1773లో విలియం పిట్ అనే పద్నాలుగేళ్ల బాలుడు కేంబ్రిడ్జిలో చదువుకు చేరి తీవ్రంగా జబ్బుపడ్డాడు. ఆంథొనీ ఆడింగ్టన్ అనే వైద్యుడు అతనికి ఆహార నియమం, గుర్రపు స్వారీ, వేళకు నిద్రతోపాటు రోజూ పోర్ట్ వైన్ కూడా రాసిచ్చాడు. రోజుకొక సీసా అని ప్రసిద్ధి. బాలుడు కోలుకొన్నాడు. కీర్తి పోర్ట్‌కు దక్కింది. వ్యాయామం, నిద్ర, ఆహారం చేసిన మేలును ఎవరూ లెక్కించలేదు. ఆ బాలుడే 1783లో 24 ఏళ్ల వయసులో బ్రిటన్ ప్రధాని అయ్యాడు. పోర్ట్ అలవాటు జీవితాంతం వదలలేదు. గౌట్‌తో, జీర్ణకోశ బాధలతో కుంగి 1806 జనవరిలో 46 ఏళ్లకే మరణించాడు. ఆనాటి సీసాలు నేటి సీసాల కంటే చిన్నవే, వైన్ ఘాటు కూడా కొంత తక్కువే. అయినా ఒక మందుచీటీ జీవితకాలపు వ్యసనంగా మారిన తీరును వైద్యులందరూ గుర్తుంచుకోవలసి ఉంది.

ఇది ఒక వ్యక్తి కథ మాత్రమే కాదు. 19వ శతాబ్దం మధ్యలో లండను కింగ్స్ కాలేజి ఆసుపత్రి వైద్యుడు రాబర్ట్ బెంట్లీ టాడ్ జ్వరరోగులకు బ్రాందీ, వైన్ ధారాళంగా పట్టించాలని బోధించాడు. అది రోగికి ఉత్తేజాన్ని ఇస్తుందని ఆనాటి నమ్మకం. ఆసుపత్రులలో వైన్ రోజువారీ ఔషధం అయింది. దీనికి ఎదురుగా 1873లో లండనులో టెంపరెన్స్ ఆసుపత్రి ప్రారంభమైంది. మద్యం అనివార్యమైన మందు కాదని, దాదాపు అది లేకుండానే చికిత్స చేయవచ్చునని చూపడం దాని లక్ష్యం. నిజానికి ఆల్కహాల్ నాడీమండలాన్ని అణచివేస్తుంది. చర్మపు రక్తనాళాలు వ్యాకోచించుట వలన ఒళ్లు వెచ్చబడినట్లు తోస్తుంది, శరీరం లోపలి వేడి మాత్రం తగ్గుతుంది. ఉత్తేజం అనుకొన్నది భ్రమ.

సీసాలోని సీసం

18వ శతాబ్దపు ఇంగ్లండులో గౌట్ విపరీతంగా ప్రబలింది. ఆయుర్వేదం వాతరక్తమని వర్ణించిన వ్యాధి ఇటువంటిదే. కాలి బొటనవేలి కీలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా భరించలేని నొప్పి పుడుతుంది. అది ధనికుల రోగమని, పోర్ట్ తాగేవారి రోగమని వ్యంగ్యచిత్రాలు వచ్చాయి. ఆ పరిహాసంలో సగం సత్యం ఉంది.

1767లో జార్జ్ బేకర్ అనే వైద్యుడు డెవన్ ప్రాంతంలో ఆపిల్ సారాయి తాగేవారికి వచ్చే భయంకరమైన కడుపునొప్పికి కారణం గానుగలలో వాడిన సీసమేనని నిరూపించాడు. 1859లో ఆల్ఫ్రెడ్ గారడ్ తన గౌట్ గ్రంథంలో, తన రోగులలో గణనీయమైన భాగం సీసంతో పనిచేసేవారేనని గమనించాడు. గౌట్ రోగుల రక్తంలో యూరిక్ ఆమ్లం అధికంగా ఉంటుందని కనుగొన్నవాడు కూడా ఆయనే. సీసం మూత్రపిండాలను దెబ్బతీసి యూరిక్ ఆమ్లం బయటకు పోకుండా చేస్తుంది. ఆల్కహాల్ కూడా ఆ పనే చేస్తుంది. 20వ శతాబ్దంలో పరిశోధకులు పాతకాలపు పోర్ట్ సీసాలను తెరిచి పరీక్షించగా వాటిలో సీసం అధికంగా బయటపడింది. సారాయి వడకట్టే పాత్రలు, తాగే పాత్రలు, సీసాలు కడుగుటకు వాడిన సీసపు గుండ్లు వంటివన్నీ దానికి దారులే.

ఇది గతించిన కథ అనుకోరాదు. మెరిసే స్ఫటిక గాజులో సీసపు ఆక్సైడ్ ఉంటుంది. 1991లో లాన్సెట్ పత్రికలో అమెరికా శాస్త్రవేత్తలు ఒక పరిశోధనను ప్రచురించారు. లీటరుకు 89 మైక్రోగ్రాముల సీసం ఉన్న పోర్ట్ వైన్‌ను స్ఫటిక పాత్రలలో పోసి ఉంచగా, నాలుగు నెలలకు అది 3,518 మైక్రోగ్రాములకు పెరిగింది. తాగే నీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. కనుక ఇంట్లో అటువంటి పాత్రలు ఉన్నవారు అందులో మద్యమే కాదు, పండ్లరసం, నిమ్మరసం, పచ్చడి వంటి పుల్లనివేవీ నిల్వ ఉంచరాదు.

మన ఇళ్లకు ఈ కథ చెప్పేది

మన దేశంలో పోర్ట్ వైన్ అనే పేరుతో దొరికే చవక సీసాలలో అధిక భాగం డౌరో లోయ ముఖం చూడనివే. అయినా ఆ పేరుకు అంటిన ‘బలవర్ధకం’ అనే కీర్తి మాత్రం సముద్రాలు దాటి మన పల్లెల దాకా వచ్చింది. బాలింతకు బలం కోసం రోజూ కాస్త పట్టమంటారా, రక్తం పడుతుందా అని ఆసుపత్రిలో నన్ను అడిగినవారు ఎందరో. రంగు ఎర్రగా ఉన్నంతమాత్రాన రక్తం పట్టదు. తల్లి తాగిన ఆల్కహాల్ చనుబాలలోకి చేరుతుంది. రక్తహీనతకు ఇనుము మాత్రలు, ఆకుకూరలు, పప్పు, గుడ్డు, మాంసం సరైన మార్గం.

గుండెకు మంచిదనే మాట కూడా తరచుగా వినబడుతుంది. ఎర్ర వైన్‌లోని రెస్వెరట్రాల్ అనే పదార్థం లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది. దాని కోసం వైన్ తాగడం ఇనుము కోసం మేకు నాకడం వంటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే మద్య పానీయాలను క్యాన్సర్ కలిగించే పదార్థాలలో మొదటి వర్గంలో చేర్చింది. ఆరోగ్యానికి నిరపాయకరమైన మద్యపాన పరిమాణం అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. పోర్ట్‌లో దీనికి తోడు లీటరుకు సుమారు 100 గ్రాముల చక్కెర ఉంటుంది. మధుమేహం, గౌట్, కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు, నిద్రమాత్రలు వాడేవారు దీని జోలికి పోరాదు. అలవాటు లేనివారు ఆరోగ్యం పేరుతో మొదలుపెట్టవలసిన అవసరం ఎంతమాత్రం లేదు.

విదేశాలలో ఉన్న మన పిల్లలలో కొందరు ఇటువంటి రుచిచూచే కూటములకు వెళుతుంటారు. వారితో నాకు తగవు లేదు. రెండు వందల ఏళ్ల పనితనాన్ని, కొండలను చెక్కిన రైతుల శ్రమను, ఒక సంవత్సరపు ఎండను, వానను ముక్కుతో చదవగలగడం ఒక విద్యే. ఆ విద్యలో ఆరితేరినవారు నిపుణుల పద్ధతినే పాటించాలని మాత్రం చెబుతాను. చూడండి, వాసన పీల్చండి, నోటిలో తిప్పండి, ఉమ్మివేయండి. నడుమ నీరు తాగండి. వాహనం నడపకండి. దానిని విందు అనండి, వేడుక అనండి, చరిత్ర పాఠం అనండి. ఔషధం అని మాత్రం అనకండి. ఔషధమైతే మోతాదు ఉంటుంది, సూచన ఉంటుంది, రోగం తగ్గగానే ఆపే రోజు ఉంటుంది. పద్నాలుగేళ్ల పిట్‌కు రాసిచ్చిన చీటీలో లేనిది ఆ చివరి రోజే.